చిన్నపిల్లల చెవి ఇన్ఫెక్షన్లు, స్థూలకాయం: ఇబ్రహీంపట్నం ప్రాంతంలో గుర్తింపు, చికిత్స

ఐదేళ్లలోపు పిల్లల్లో చెవి ఇన్ఫెక్షన్, స్థూలకాయం రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిది నడిరాత్రి బిడ్డను లేపి ఏడిపిస్తుంది. రెండోది ఏళ్లు గడిచినా నొప్పి పెట్టదు, పైగా చూసినవాళ్లు ముద్దు చేస్తారు. వీటిని చూసే వైద్యులు వేరు, మందులు వేరు. అయినా ఒకే వ్యాసంలో చెప్పుకోవడానికి తగిన కారణం ఉంది. రెండింటికీ పైపై చూపు చాలదు. కర్ణభేరి వెనక ఏం జరుగుతోందో తెలియాలంటే ఒటోస్కోపు కావాలి. బిడ్డ బరువు తగినదో కాదో తెలియాలంటే ఎత్తు కూడా కొలవాలి. ఒటోస్కోపూ, ఎత్తు కొలిచే పరికరమూ ఖరీదైనవి కావు, కానీ చేతికి అందినంత తరచుగా వాడుకలోకి రావు. చికిత్సలోనూ పోలిక ఉంది. చెవిపోటు అనగానే యాంటీబయాటిక్ పోయడం, లావు అనగానే తిండి తగ్గించడం, రెండూ తొందరపాటే.

ప్రాంతం

ఇబ్రహీంపట్నం రంగారెడ్డి జిల్లాలో, నాగార్జునసాగర్ రోడ్డు మీద, హైదరాబాద్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న మండల కేంద్రం. ఇక్కడి పెద్ద చెరువు, గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలం నాటిది. చెరువు కింది వరి, మెట్ట చేలతో బతికిన ఈ ప్రాంతానికి ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, ఆదిభట్లలో విమాన భాగాల కర్మాగారాలు, సాఫ్ట్‌వేర్ ప్రాంగణం వచ్చాయి, రోడ్డు పొడవునా ఇంజినీరింగ్ కాలేజీలూ ప్లాట్ల వెంచర్లూ వెలిశాయి. జిల్లా కలెక్టరేట్ 2022 నుంచి ఈ మండలంలోని కొంగరకలాన్‌లోనే ఉంది. ఇలాంటి చోట ఒకే అంగన్‌వాడీ పరిధిలో ఇటుకలు మోయడానికి వలస వచ్చిన కుటుంబం బిడ్డా, భూమి అమ్మి మేడ కట్టిన రైతు మనవడూ, రోజూ నగరానికి వెళ్లొచ్చే ఉద్యోగి కూతురూ ఉండవచ్చు. ఒకరికి చీము చెవి, ఇంకొకరికి లావు అని పంచి చెప్పడం తేలికే గానీ పిల్లల ఒళ్లు అలాంటి లెక్కలు పాటించదు.

రాష్ట్రం మొత్తం మీద జరిగిన మార్పును జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపిస్తుంది. 2015-16 నాటి నాలుగో సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఎత్తుకు మించిన బరువున్నవారు 0.7 శాతం. 2019-21 నాటి ఐదో సర్వేలో 3.4 శాతం. ఇదే వ్యవధిలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 28 శాతం నుంచి 33.1 శాతానికి పెరిగారు, ఎత్తుకు తగ్గ బరువు లేక చిక్కిపోయినవారు 18.1 నుంచి 21.7 శాతానికి చేరారు. అంటే గిడసబారడం, చిక్కిపోవడం, లావెక్కడం మూడూ కలిసి పెరిగాయి. ఆకలి తీరాక వచ్చే జబ్బు స్థూలకాయం అనే పాత ఊహ ఈ అంకెల ముందు నిలవదు.

వైద్యం అందే దారి ఇక్కడ చాలావరకు మెట్లుగా ఉంటుంది. ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ టీచరు ఉంటారు. ఆపైన పల్లె దవాఖానా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రి. నిపుణులు కావాలంటే నగరానికే వెళ్లాలి. చెవికి కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, పిల్లల జబ్బులకు 1953లో మొదలైన నీలోఫర్ ఆసుపత్రి. ఈ మెట్లలో లెక్కకు రానివాడు ఆర్‌ఎంపీ. రాత్రి పదింటికి తలుపు తీసేది ఆయనే కాబట్టి, చెవిపోటుకు మొదటి మందు చాలా ఇళ్లలో ఆయన చేతి మీదుగానే పడుతుంది.

చెవిలో ఏం జరుగుతుంది

కర్ణభేరి వెనక ఉండే చిన్న గాలి గది మధ్య చెవి. అక్కడి నుంచి ముక్కు వెనక భాగానికి యూస్టేషియన్ గొట్టం పోతుంది. గాలి ఒత్తిడి సరిచూడటం, మధ్య చెవిలో ఊరే తేమను గొంతులోకి వదలడం దాని పని. పెద్దవాళ్లలో అది ఏటవాలుగా కిందికి దిగుతుంది. పసివాళ్లలో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసి ముక్కు వెనక వాస్తే గొట్టం మూసుకుపోతుంది, చెవిలో ద్రవం నిలుస్తుంది, ముక్కులోని సూక్ష్మజీవులు అందులోకి పాకి చీము పట్టిస్తాయి. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య ఇది ఎక్కువగా రావడానికి ఈ నిర్మాణమే ప్రధాన కారణం. ఎదిగేకొద్దీ గొట్టం వాలు తిరుగుతుంది, జబ్బు దానంతటదే తగ్గుముఖం పడుతుంది. సాధారణంగా కనిపించే బ్యాక్టీరియాలు మూడు: న్యుమోకాకస్, హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా, మొరాక్సెల్లా. వీటికి ముందు దారి వేసేది ఎక్కువసార్లు ఏదో ఒక జలుబు వైరసే.

వైద్యులు నాలుగు స్థితులను వేరుచేస్తారు. అకస్మాత్తుగా నొప్పి, జ్వరంతో మధ్య చెవిలో చీము పట్టేది తీవ్ర ఓటైటిస్ మీడియా. నొప్పీ జ్వరమూ లేకుండా కర్ణభేరి వెనక ద్రవం నిలిచిపోయేది రెండోది. అది బంకలా చిక్కబడుతుంది కాబట్టి దీన్ని గ్లూ ఇయర్ అంటారు. కర్ణభేరికి చిల్లు పడి వారాల తరబడి చీము కారేది మూడోది. మన వాడుకలో చీము చెవి, లేదా చెవి కారడం. నాలుగోది చెవి రంధ్రపు చర్మానికి వచ్చే వాపు. ఈతకు దిగినవాళ్లలో, పుల్లలతో గోకినవాళ్లలో ఎక్కువ. చెవి దొప్పను మెల్లగా లాగితే బిడ్డ గిలగిలలాడుతున్నదంటే ముందు ఈ నాలుగో రకాన్ని అనుమానించాలి. మధ్య చెవి జబ్బులో దొప్ప లాగితే నొప్పి పెరగదు.

చెవిని చూడటం

మాటలు రాని బిడ్డ చెవి నొప్పి అని చెప్పలేదు. పాలు తాగుతూ తాగుతూ వదిలేసి ఏడుస్తుంది, పడుకోబెడితే ఏడుపు పెరుగుతుంది, చెవిని పట్టి లాక్కుంటుంది. ఈ చివరి లక్షణం మీద మనవాళ్లకు నమ్మకం ఎక్కువ. కానీ పళ్లు వచ్చేటప్పుడూ, నిద్ర ముంచుకొచ్చినప్పుడూ, ఊరికే తోచకపోయినా పిల్లలు చెవి లాక్కుంటారు. జ్వరమూ జలుబూ లేకుండా చెవి లాక్కోవడం ఒక్కటే ఉంటే ఇన్ఫెక్షన్ అని తేల్చకూడదు.

తేల్చవలసింది ఒటోస్కోపు. దీపం, భూతద్దం, చెవిలో దూర్చే చిన్న గరాటు కలిసిన పనిముట్టు అది. తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, బిడ్డ తలను ఆమె ఒక చేత్తో ఛాతీకి ఆనించి, మరో చేత్తో బిడ్డ రెండు చేతులూ పట్టుకుంటే చూడటం నిమిషంలో అయిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కర్ణభేరి ముత్యపు రంగులో, కాంతి పడితే మెరుస్తూ కనిపిస్తుంది. చీము పట్టినప్పుడు బయటికి ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది లేదా పసుపు తిరుగుతుంది. ఎరుపు ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోకూడదు. గుక్కపట్టి ఏడ్చిన ఏ పిల్ల కర్ణభేరి అయినా ఎర్రగానే ఉంటుంది. ఉబ్బు ముఖ్యం, కదలిక ఇంకా ముఖ్యం. ఒటోస్కోపుకు రబ్బరు బుడ్డి తగిలించి గాలి ఊదితే మామూలు కర్ణభేరి కదులుతుంది, వెనక ద్రవం ఉంటే కదలదు. టింపనోమీటర్ ఇదే పనిని గీతగా గీసి చూపిస్తుంది. మామూలు టార్చి వేసి చూస్తే గులిమి కనబడుతుంది, కర్ణభేరి కనబడదు. గులిమి అడ్డం ఉంటే ముందు దాన్ని తీయాలి. లేకపోతే నిర్ధారణ ఊహ మీద జరుగుతుంది, ఊహ మీద జరిగిన నిర్ధారణకు యాంటీబయాటిక్ రాసే చెయ్యి ఎప్పుడూ ముందుంటుంది.

ఒటోస్కోపు లేని చోట ఆరోగ్య కార్యకర్తలకు ఉన్న ఆధారం పసిపిల్లల జబ్బుల సమగ్ర చికిత్సా విధానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పద్ధతిని మన దేశం నవజాత శిశువులను కూడా చేర్చి అమలు చేస్తున్నది. అందులో చెవి ప్రశ్నలు సూటిగా ఉంటాయి. నొప్పి ఉందా? చీము కారుతోందా, ఎన్నాళ్ల నుంచి? చెవి వెనక ముట్టుకుంటే నొప్పి పెట్టే వాపు ఉందా? పద్నాలుగు రోజులలోపు చీము అయితే తీవ్ర ఇన్ఫెక్షన్, పద్నాలుగు రోజులు నిండితే దీర్ఘకాలికం, చెవి వెనక వాపు అయితే మాస్టాయిడ్ ఎముకకు సోకిందని భావించి ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. ఈ చివరిదాంట్లో చెవి దొప్ప ముందుకు తోసుకొచ్చినట్టు కనిపిస్తుంది. ముఖం ఒక పక్కకు వంగినా, మెడ బిగుసుకున్నా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా ఇంట్లో ఒక్క గంట ఆగడం కూడా ప్రమాదమే.

ఆగడం కూడా చికిత్సే

తీవ్ర ఓటైటిస్‌లో మొదట చేయవలసింది నొప్పి తగ్గించడం. బరువును బట్టి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఇస్తారు, ఆరు నెలలు దాటిన బిడ్డకు ఇబుప్రోఫెన్ కూడా పనిచేస్తుంది. యాంటీబయాటిక్ ఈ మొదటి రాత్రి నొప్పిని తగ్గించదు. మందు లేకున్నా పదిమందిలో ఆరుగురు పిల్లలకు నొప్పి ఒక రోజులో పోతుందని అనేక పరీక్షల సమీక్షలు చూపించాయి. అందుకే 2013 నాటి అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మార్గదర్శకాలు కొందరి విషయంలో 48 నుంచి 72 గంటలు గమనిస్తూ ఆగవచ్చని చెప్పాయి. ఆరు నుంచి 23 నెలల బిడ్డకు ఒకే చెవికి, తేలికగా సోకితే ఆగవచ్చు. రెండేళ్లు నిండినవారికి రెండు చెవులకు సోకినా తీవ్రత లేకపోతే ఆగవచ్చు. ఆరు నెలలలోపు బిడ్డ, జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ చేరినవాళ్లు, నొప్పి రెండు రోజులైనా తగ్గనివాళ్లు, చీము కారుతున్నవాళ్లు మందు మొదలుపెట్టవలసినవాళ్లే.

ఆ మార్గదర్శకాలను ఇబ్రహీంపట్నానికి తెచ్చేటప్పుడు ఒక సవరణ తప్పదు. గమనిస్తూ ఆగడం అంటే మూడో రోజున బిడ్డను మళ్లీ చూడగలగడం. ఆ రోజు కూలి పోగొట్టుకుని, ఆటో ఎక్కి తల్లి తిరిగి రాగలదా అన్నది వైద్యుడు అడిగి తెలుసుకోవాలి. రాలేని ఇంటికి ముందే మందు చీటీ రాసి, ఏ లక్షణం కనిపిస్తే మొదలుపెట్టాలో చెప్పి పంపడం మేలు. లేకపోతే ఆ ఇల్లు ఆర్‌ఎంపీ దగ్గరికి, ఆయన ఇంజెక్షన్ దగ్గరికి చేరుతుంది.

మందు అవసరమైతే మొదటిది అమాక్సిసిలిన్, కిలోకు రోజుకు 80 నుంచి 90 మిల్లీగ్రాములు, రెండు మోతాదులుగా. రెండేళ్లలోపు పది రోజులు, రెండు నుంచి ఐదేళ్ల మధ్య ఏడు రోజులు. గడిచిన నెలలో అదే మందు వాడి ఉన్నా, కళ్ల కలక కూడా కలిసి వచ్చినా క్లావులనేట్ చేర్చినది ఇస్తారు. జ్వరం తగ్గగానే సీసా పక్కన పెట్టేయడం, తమ్ముడికి మిగిలిన మందు పోయడం రెండూ చేయకూడనివే. జలుబు సిరప్పులు, అలర్జీ మాత్రలు చెవిలోని ద్రవాన్ని తగ్గించవని తేలింది, మగత మాత్రం తెస్తాయి.

గ్లూ ఇయర్‌కు యాంటీబయాటిక్ పనికిరాదు. చాలామందిలో మూడు నెలల్లో ద్రవం దానంతటదే ఇంకిపోతుంది. ఈలోగా బిడ్డకు వినికిడి మందగిస్తుంది, పిలిస్తే పలకదు, టీవీ దగ్గరికి జరుగుతుంది, మాటలు ఆలస్యమవుతాయి. పెంకితనం అనుకుని కోప్పడే ఇళ్లు తక్కువ కాదు. మూడు నెలలు దాటినా ద్రవం ఉండి వినికిడి తగ్గితే కర్ణభేరిలో గ్రోమెట్ అనే సన్నని గొట్టం పెడతారు.

నూనె, పిన్నీసు, చీము చెవి

చెవిపోటుకు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం, తల్లిపాలు పిండడం మన ఇళ్లలో ఇంకా ఉంది. కర్ణభేరి చెక్కుచెదరకుండా ఉంటే నూనె పెద్ద హాని చేయకపోవచ్చు. చిల్లు పడి ఉంటే మాత్రం అది నేరుగా మధ్య చెవిలోకి పోతుంది, చిల్లు ఉందో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. వేడి ఎక్కువైతే రంధ్రం కాలుతుంది. పాలు సూక్ష్మజీవులకు మేత. తలంటు రోజున చెవిలో నూనె చుక్క వేయకపోతే స్నానమే పూర్తి కాదనుకునే అమ్మమ్మలకు ఈ మాట నచ్చదు గానీ, చీము కారే బిడ్డ చెవిలో నీళ్లూ నూనే రెండూ పడకూడదు. పిన్నీసు, అగ్గిపుల్ల, దూది పుల్లల గురించి వేరే చెప్పనక్కర్లేదు. చెవి తనంతట తాను గులిమిని బయటికి తోసుకుంటుంది, పుల్ల దాన్ని లోపలికి నెడుతుంది.

కారే చెవికి ఇంట్లో చేయగల మేలైన పని ఆరబెట్టడం. శుభ్రమైన మెత్తటి నూలు గుడ్డను వత్తిలా చుట్టి చెవిలో మెల్లగా పెట్టి, తడిసినాక తీసి, కొత్తది పెట్టి, వత్తి పొడిగా వచ్చేదాకా చేస్తారు. రోజుకు మూడుసార్లు. దీర్ఘకాలిక చీముకు ఆరబెట్టాక క్వినలోన్ చుక్కల మందు రెండు వారాలు వేస్తారు. నోటి మందు కన్నా చుక్కలే ఇక్కడ బాగా పనిచేస్తాయి. జెంటమైసిన్ లాంటి చుక్కలు చిల్లు ఉన్న చెవిలో లోపలి చెవిని దెబ్బతీసే అవకాశం ఉంది కాబట్టి దుకాణంలో అడిగి తెచ్చుకోవడం మంచిది కాదు. చీము దుర్వాసన వేస్తే ఎముకను తినే కొలెస్టియటోమాను అనుమానించి కోఠికి పంపాలి. దానికి శస్త్రచికిత్స తప్ప మార్గం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఆరున్నర కోట్ల నుంచి 33 కోట్ల మంది దాకా చెవి కారే జబ్బుతో ఉన్నారు, వారిలో 60 శాతం మందికి వినికిడి గణనీయంగా తగ్గింది. భారతదేశాన్ని ఈ జబ్బు అత్యధికంగా ఉన్న దేశాల వర్గంలో చేర్చారు. జాతీయ బధిరత నివారణ కార్యక్రమం 2007లో ప్రయోగాత్మకంగా మొదలవడం, 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తన జాబితాలో చెవి ఇన్ఫెక్షన్‌నూ వినికిడి లోపాన్నీ చేర్చడం ఈ నేపథ్యంలోనే. ఆ కార్యక్రమం కింద సంచార వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. ఆ రోజు బిడ్డను పంపకపోవడం వల్ల పోయేది పెద్దది.

లావును కొలవడం

ఐదేళ్లలోపు బిడ్డ లావుగా ఉందా లేదా అన్నది అద్దంలో చూసి, చుట్టాల పిల్లలతో పోల్చి చెప్పకూడదు. 2006 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల ప్రమాణాల్లో ఎత్తుకు తగిన బరువు మధ్యస్థం నుంచి రెండు ప్రామాణిక విచలనాలు దాటితే అధిక బరువు, మూడు దాటితే స్థూలకాయం. ఐదేళ్లు దాటాక కొలబద్ద మారుతుంది. మన దేశంలో పిల్లల వైద్యులు 2015లో భారతీయ పిల్లల వైద్యుల సంఘం ఇచ్చిన పటాలు వాడతారు. అందులో గీతలు పెద్దల బాడీ మాస్ ఇండెక్స్ 23, 27లకు సరిపోయేలా గీశారు. ఆసియా వాళ్లకు తక్కువ బరువు దగ్గరే మధుమేహం ముప్పు మొదలవుతుందన్నది దానికి కారణం.

అంగన్‌వాడీలో బరువు తూచడం దశాబ్దాలుగా అలవాటు. చిక్కిన బిడ్డను వెతకడానికే ఆ తూకం పుట్టింది, అందులో తప్పేమీ లేదు. కానీ వయసుకు బరువు ఒక్కటే చూస్తే ఏం తప్పిపోతుందో ఒక లెక్క చెబుతుంది. నాలుగున్నరేళ్ల పిల్లలు ఇద్దరున్నారనుకుందాం, ఇద్దరూ 18 కిలోలు. ఒకరి ఎత్తు 108 సెంటీమీటర్లు, ఇంకొకరిది 96. త్రాసు ఇద్దరినీ మంచి బరువు అంటుంది. బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే మొదటివారి సూచిక 15.4, రెండోవారిది 19.5. రెండో బిడ్డ వయసుకు ఎదగవలసినంత ఎదగలేదు, ఉన్న ఎత్తుకు లావు కూడా. ఒకే ఒంట్లో పోషకలోపమూ అధిక బరువూ. తెలంగాణ సర్వేలో రెండు అంకెలు కలిసి పెరగడం చూశాం కదా, అవి ఒకే బిడ్డలోనూ కలవగలవు. పోషణ్ అభియాన్ 2018లో మొదలయ్యాక అంగన్‌వాడీలకు ఎత్తు కొలిచే పరికరాలు, 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాయి. చెప్పులు విప్పించి, మడమలూ పిరుదులూ గోడకు ఆనించి, తల నిటారుగా పెట్టి కొలవాలి. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి. ఒక సెంటీమీటరు తప్పు పడినా బిడ్డ వర్గం మారిపోవచ్చు కాబట్టి ఈ పనిలో హడావుడి పనికిరాదు.

కొలత తర్వాత వైద్యుడు చూసేది ఎత్తునే. తిండీ ఆటా తేడా వల్ల లావైన బిడ్డ సాధారణంగా తోటివారి కన్నా పొడుగ్గానే ఉంటుంది. పొట్టిగా ఉండి లావవుతుంటే థైరాయిడ్ లోపం, కార్టిసాల్ ఎక్కువవడం, స్టెరాయిడ్ మందులు లాంటి కారణాలు వెతకాలి. ఆయాసానికో చర్మానికో తెలియకుండా వాడే స్టెరాయిడ్లు కూడా ఇందులోకే వస్తాయి. పుట్టిన ఏడాది రెండేళ్లలోనే ఆపలేని ఆకలితో విపరీతంగా లావైతే జన్యు పరీక్షలు. ఇవన్నీ కలిపి నూటికి చాలా తక్కువమందిలో. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా మందంగా మారితే అది మురికి కాదు, ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదన్న గుర్తు. మూడేళ్లు దాటిన లావు పిల్లలకు రక్తపోటు చూడాలి. నిద్రలో గురక ఉందా, ఊపిరి మధ్యలో ఆగుతోందా అని తల్లిని అడగాలి.

ఎందుకు లావవుతున్నారు

ఈ జిల్లా పల్లెల్లో జరిగిన ఒక పాత ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. 1987 నుంచి 1990 వరకు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, హైదరాబాద్‌కు చేరువలోని 29 గ్రామాల్లో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ అదనపు ఆహారం ప్రభావాన్ని పరిశీలించింది. కొన్ని ఊళ్లలో మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా అందింది, మిగతా ఊళ్లలో అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక 2003-05లో మళ్లీ పరీక్షించారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు, ఒంట్లో కొవ్వు మాత్రం రెండు వర్గాల్లోనూ ఇంచుమించు సమానం, ఇన్సులిన్ పనితీరు ఆహారం అందినవారిలో మెరుగు. పేద ఊళ్లలో గర్భం నుంచి అందే సరైన తిండి పిల్లల్ని లావు చేస్తుందన్న భయానికి ఇది మన జిల్లా నుంచే వచ్చిన జవాబు. ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన ఆరోగ్యలక్ష్మి భోజనాన్నీ అంగన్‌వాడీ గుడ్లనూ లావుకు కారణంగా చూపేవాళ్లు ఈ అధ్యయనం చదవాలి. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకిచ్చే బాలామృతంలో గోధుమ, శనగ, పాలపొడి, నూనెతో పాటు చక్కెర కూడా ఉంటుంది. అది తిండికి అదనంగా ఇవ్వవలసినది, తీపి తినుబండారంగా రోజంతా తినిపించేది కాదు.

మారింది వేరు. ఊరి కిరాణా కొట్టు ముందు వేలాడే ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ పసివాడి ఏడుపును ఆపే అతి చవక మార్గమైంది. తినిపించడానికి ఫోను చేతికిస్తే కడుపు నిండిందో లేదో బిడ్డకే తెలియకుండా ముద్దలు లోపలికి పోతాయి. మూడేళ్లకే బడి బస్సు ఎక్కే పిల్లలకు వీధిలో ఆడుకునే పొద్దు పోయింది. వెంచర్లలో పార్కు నక్షా మీద ఉంటుంది, వాకిలి ముందు మాత్రం కార్లు తిరుగుతాయి. పాలల్లో కలిపే పొడులు ఇంకో కథ. వాటిని ఆరోగ్య పానీయాలనే విభాగంలో పెట్టవద్దని కేంద్ర ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది.

బిడ్డ బొద్దుగా ఉంటే తల్లి పెంపకానికి మెచ్చుకోలు, సన్నగా ఉంటే అత్తింట్లో దెప్పుళ్లు. వైద్యుడు పటం చూపించి అధిక బరువు అంటే, దిష్టి తగులుతుంది అనకండి అని నాయనమ్మ అడ్డుపడే ఇళ్లున్నాయి. అందుకే ఇంట్లో తినిపించేదెవరో తెలుసుకోకుండా తల్లి ఒక్కదానికే సలహా చెప్పి పంపడం వృథా.

చికిత్స అంటే పస్తు కాదు

ఐదేళ్లలోపు బిడ్డకు బరువు తగ్గించడం చాలా అరుదుగా లక్ష్యం. బరువు నిలబెట్టి, లేదా పెరిగే వేగం తగ్గించి, ఎత్తు పెరిగేదాకా ఆగడం చాలు. ఎత్తు పెరిగితే సూచిక తానే దిగుతుంది. సన్నబడే పొడులు, మందులు, కొవ్వు పూర్తిగా మానిపించడం ఈ వయసులో ఏవీ తగవు. రెండేళ్లలోపు బిడ్డకు కొవ్వు మెదడు ఎదుగుదలకు కావాలి.

చేయవలసినవి మామూలు పనులే, అందుకే ఎవరూ వాటిని మందుగా లెక్కపెట్టరు. కూల్‌డ్రింకులు మానడం. 2019లో భారతీయ పిల్లల వైద్యుల సంఘం రెండేళ్లలోపు పండ్ల రసం కూడా వద్దని, రెండు నుంచి ఐదేళ్ల మధ్య రోజుకు 125 మిల్లీలీటర్లు మించకూడదని చెప్పింది. పండు పండుగానే ఇవ్వాలి. పప్పన్నం, కూర, పెరుగు, గుడ్డు, జొన్నరొట్టె ఇంటిల్లిపాదీ ఏం తింటే అదే బిడ్డకూ. ఏం పెట్టాలో పెద్దలు చూసుకుంటే ఎంత తినాలో బిడ్డకు వదిలేయాలి. పళ్లెం ఖాళీ చేయమని బలవంతం వద్దు, ఏడుపుకు బిస్కట్ లంచం వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినట్టు ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజులో మూడు గంటల కదలిక కావాలి. తెర రెండేళ్లలోపు అసలు వద్దు, ఆ తర్వాత గంటకు మించకూడదు. మూడు నాలుగేళ్ల వాళ్లకు పది నుంచి పదమూడు గంటల నిద్ర. ఈ మార్పులు బిడ్డ ఒక్కదానికే పెడితే శిక్షలా తోస్తాయి, అన్నకు చిప్స్, తమ్ముడికి కీరా అనే ఇంట్లో ఏ చికిత్సా నిలవదు. మూడు నెలలకోసారి ఎత్తూ బరువూ పటం మీద గుర్తిస్తూ పోవాలి. బిడ్డ ముందు లావు అనే మాటతో వేళాకోళం చేయకపోవడం కూడా వైద్యంలో భాగం.

రెండు జబ్బులు కలిసే చోట

పాలసీసా నోట్లో పెట్టి వెల్లకిలా పడుకోబెట్టి నిద్రపుచ్చితే పాలు గొంతు వెనక నుంచి యూస్టేషియన్ గొట్టం వైపు చేరతాయి. అదే సీసా ఆకలి తీరినా తాగే అలవాటు చేస్తుంది. తల్లిపాలు రెండింటికీ అడ్డుకట్ట. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే, ఆపైన పైతిండితో రెండేళ్ల దాకా. పాలపొడులతో పాటు పాలసీసాల ప్రచారాన్ని కూడా నిషేధించిన చట్టం 1992లోనే వచ్చింది. ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ చెవి జబ్బును పెంచుతుంది, గర్భిణి పక్కన పొగ తాగితే తర్వాత బిడ్డ లావయ్యే అవకాశమూ పెరుగుతుంది.

వీటికి మించిన బంధం కూడా ఉందని కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి. నాలుక ముందు భాగం నుంచి రుచిని మోసే నాడి మధ్య చెవి గుండానే పోతుంది. మళ్లీ మళ్లీ చీము పట్టిన చెవుల్లో ఆ నాడి దెబ్బతింటే తీపి, కొవ్వు పదార్థాల మీద మక్కువ మారవచ్చని పరిశోధకులు ప్రతిపాదించారు. పసితనంలో తరచూ వాడిన యాంటీబయాటిక్‌లు పేగుల్లోని సూక్ష్మజీవులను మార్చి బరువు పెంచవచ్చన్నది మరో వాదన. రెండూ సంబంధాన్ని చూపాయే గానీ కారణాన్ని రుజువు చేయలేదు. ఎడినాయిడ్లు వాచిన బిడ్డ విషయంలో మాత్రం సందేహం తక్కువ. అవి గొట్టం మూతిని మూసి చెవిలో ద్రవం నిలుపుతాయి, గురక పెట్టిస్తాయి. ఆ బిడ్డ లావు కూడా అయితే నిద్రలో ఊపిరాగడం తీవ్రమవుతుంది. ఈఎన్‌టీ వైద్యుడూ పిల్లల వైద్యుడూ కలిసి చూడవలసిన బిడ్డ అది.

న్యుమోకాకస్ టీకా 2017లో హిమాచల్ ప్రదేశ్ తదితర రాష్ట్రాల్లో మొదలై 2021 నాటికి దేశమంతటికీ ఉచిత టీకాల జాబితాలో వచ్చింది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు వేస్తారు. న్యుమోనియాను ఆపడం దాని అసలు పని, చెవి ఇన్ఫెక్షన్లలో కొంత భాగాన్ని కూడా తగ్గిస్తుంది. పెంటావలెంట్ టీకా అడ్డుకునేది హిమోఫిలస్‌లో బి రకాన్ని. చెవిలో చీము పట్టించేది ఎక్కువగా వేరే రకం కాబట్టి దాని నుంచి చెవికి ఒరిగేది తక్కువ. తొమ్మిది నెలల టీకాకు వచ్చినప్పుడు బిడ్డ పొడవు, బరువు కొలవడం, పిలిస్తే తిరిగి చూస్తోందా అని గమనించడం అదే బల్ల దగ్గర అయ్యే పనులు.